ముందు చక్రానికి కొత్త టైరు

మీరు అబద్ధాన్ని నమ్మారు. పెద్దది కూడా కాదు, నాలుగు లైన్ల అబద్ధం. "సైకిలు అదుపు తప్పి వృద్ధుడి మృతి" అని జిల్లా పేజీ అడుగున వేస్తే, టీ తాగుతూ చదివి, "పాపం, ఆ వయసులో సైకిలెందుకు" అనుకుని పేజీ తిప్పేశారు. చోడవరంలో ఆ మాట అన్నవాళ్ళని నా చెవులతో విన్నాను. వాళ్ళలో నా స్నేహితులూ ఉన్నారు.

ఆ వృద్ధుడు బస్టాండు దాటాక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా సైకిలు షాపు నడిపిన మేస్త్రి. పోయిన సోమవారం ఉదయం రావికమతం వెళ్ళే రోడ్డు మీద, పైపు కోసం అడ్డంగా తవ్వి పూడ్చకుండా వదిలేసిన గాడిలో ఆయన ముందు చక్రం పడింది. తల రోడ్డుకి తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే పోయారు. ఈ ఊళ్ళో సగం మందికి బ్రేకు ఎలా పట్టాలో నేర్పిన మనిషిని, అదుపు తప్పినవాడని రాసి పాతిపెట్టారు. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. ఆ కోపంలోనే రాస్తున్నాను.

ఆయన షాపుకి నేను మొదటిసారి వెళ్ళింది నాలుగేళ్ళ కిందట. షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్నాడు. నడవడం నాకు విసుగు. విశాఖపట్నంలో ఒకాయన వాడేసిన రోడ్డు బైకు, అదే రేసు సైకిలు, కొన్నాను. కిందికి వంగిన హ్యాండిలు, వేలంత సన్నటి టైర్లు. గాలి నిండా కొట్టించుకుని వచ్చాను. మన దగ్గర అందరం అంతే కదా, టైరుని వేలి కణుపుతో కొడితే టంగుమనాలి, అప్పుడే గాలి సరిపోయిందంటాం. మేస్త్రి బొటనవేలితో టైరుని నొక్కి చూశారు. వేలు దిగలేదు.

"ఏటి మాస్టారూ, టైరు కొన్నారా, రోకలి కొన్నారా?"

"గట్టిగా ఉంటే స్పీడుంటుంది కదా మేస్త్రి గారూ."

"అద్దం లాటి రోడ్డు మీద ఉంటాది. మనకి అద్దమెక్కడుంది? గట్టి టైరు పెతి రాయికీ ఎగురుతాది. ఎగిరినంతసేపూ మీరు ముందుకెల్తన్నట్టు కాదు, పైకెల్తన్నట్టు. సాయంత్రం మీ నడుం సెప్తాది సూడండి."

వాల్వు నొక్కి, నేను వద్దంటున్నా సుయ్యిమని గాలి వదిలేశారు. వారం తిరక్కుండా ఆ సన్న టైర్లు విప్పించేశారు కూడా. ఫ్రేముకీ చక్రానికీ మధ్య సందు ఎంతుందో వేలు పెట్టి కొలిచి, ముప్పై రెండు మిల్లీమీటర్ల సైజు పడుతుందని తేల్చారు. ఆయన సొంత సైకిలుకీ అదే సైజు. వెడల్పు టైరు, మోస్తరు గాలి, ముందు చక్రానికి కొంచెం తక్కువ, బరువంతా పడే వెనక చక్రానికి కొంచెం ఎక్కువ. ఆ మర్నాడు దేవరాపల్లి వెళ్ళొచ్చాను. మునుపటికన్నా ఆలస్యం కాలేదు. నడుం నొప్పి లేదు.

టైరు అమ్మేముందు ఆయన ఎవరినైనా మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏ రోడ్డు మీద తిరుగుతావు, వెనక ఏం మోస్తావు, ఎన్నాళ్ళు రావాలి. పల్చటి అల్లిక ఉన్న టైరుని చేతిలో నలిపి, "ఇది పరిగెడతాది, పల్లేరుకాయ కనిపిస్తే ఏడుస్తాది" అనేవారు. లోపల పట్టీ వేసిన మందపాటిది చూపించి, "ఇది దేనికీ ఏడవదు, తొక్కినోణ్ణి ఏడిపిస్తాది" అనేవారు. పైన గళ్ళు చూసి ముచ్చటపడి కొనేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. తారు రోడ్డుకి గళ్ళెందుకు, రబ్బరు మంచిదైతే చాలు, గళ్ళు మట్టిలో తిరిగేవాడికి అని వాదించేవారు. చివరికి మధ్యరకం చేతిలో పెట్టి ఒకటే మాట.

"సుఖం, వేగం, మన్నిక, మూడూ పూర్తిగా ఇచ్చే టైరుంటే నాను షాపు మూసేస్తాను. ఏది వొదులుకుంటారో ముందు సెప్పండి. ఏది కావాలో తరవాత అడుగుతాను."

ముప్పై ఏళ్ళుగా సభల్లో తిరుగుతున్నాను. ఈ ప్రశ్న ఏ వేదిక మీదా వినలేదు. అక్కడ అందరూ అన్నీ ఇస్తామనేవాళ్ళే. ఎవరు ఏది వదులుకోవాలో ఎవరూ చెప్పరు. తీరా వదులుకునేది ఎప్పుడూ సైకిలు మీద వెళ్ళేవాడే.

ఆయన ఆదివారం చర్చికి వెళ్ళేవారు, నేను నాస్తికుణ్ణి. దాని మీద మాకు పేచీ తెగేది కాదు. "దేవుడు లేడని కరపత్రాలు రాస్తారు, పంపు లేకండా రావికమతం ఎల్తారు. దేన్ని నమ్మి ఎల్తన్నారు మాస్టారూ?" అని షాపులో అందరి ముందూ అడిగారు ఒకసారి. ఆ సాయంత్రమే ఒక పంపు కొన్నాను.

ఆయన నిజంగా కోప్పడే విషయం ఒకటుండేది. మన పల్లెల్లో సైకిలంటే వెనక బరువు. పాలక్యాన్లు, గడ్డిమోపు, గ్యాసు సిలిండరు. అందుకని కొత్త టైరు కొంటే వెనక చక్రానికి వేయించి, అరిగిన వెనక టైరుని ముందుకి మార్పించుకుంటారు. ఎవరిని అడిగినా బరువు పడే చోట కదా కొత్తది వేయాలంటారు. మేస్త్రి ఒప్పుకునేవారు కాదు. వెనక టైరు కొత్తది కావాలన్నా, ముందున్న మంచిదాన్ని వెనక్కి మార్చి కొత్తది ముందుకే వేసేవారు.

ఒకరోజు పాలాయన పట్టుబట్టాడు. "నా టైరు, నా ఇష్టం. ఎనకే ఎయ్యి మేస్త్రీ."

"నీ టైరే. నీ మూతి కూడా నీదే. ఎనకది జారితే కూలబడతావు, లెగిసి దులుపుకుంటావు. ముందుది జారితే మూతి మీద పడతావు. నాను మటుకు ఎనకెయ్యను."

"నీతో పడలేం బాబూ. ఏదో ఒకటి ఎయ్యి, పాలు ఇరిగిపోతన్నాయి."

మేస్త్రి ముందుకే వేశారు.

ఇక నా వంతు. ఇది రాయకుండా తప్పించుకుందామని చూశాను.

చెరకు నరికే రోజులు. దేవరాపల్లిలో సభ. కారులో వచ్చి పేదల గురించి మాట్లాడేవాళ్ళని వెక్కిరించడం నాకు అలవాటు కాబట్టి, సైకిలు మీదే వస్తున్నానని నలుగురికీ చెప్పి పెట్టాను. ఆ ఉదయం నా ముందు టైరు పక్కకి చీలి ట్యూబు బయటికి ఉబ్బింది. మేస్త్రి దగ్గర ఆ సైజులో కొత్తది లేదు. రెండు రోజుల్లో వస్తుందన్నారు.

"బస్సులో ఎల్లండి మాస్టారూ. బస్సులో ఎల్తే మీ మాటలు మారిపోతాయేటి?"

నలుగురికీ చెప్పేశానన్నాను. నా మొహం చూసి ఆయనే తన సైకిలు తిరగేశారు. ముందు చక్రం విప్పి, వేసి నెల కూడా కాని టైరు తీసి నా చక్రానికి ఎక్కించారు. రేకు కింద వేలాడుతున్న అరిగిన పాత టైరొకటి దులిపి తనకి వేసుకున్నారు.

"మరి మీకో?"

"నాను ఇంటికీ షాపుకీ మద్దిన తిరిగేవోణ్ణి. కొత్తది వొచ్చేక మార్సుకుందాం."

రాగానే వస్తానన్నాను. సభ బాగా జరిగింది. సైకిలు మీద వచ్చానని చప్పట్లు కొట్టారు. ఆ టైరు మీద కూర్చుని ఆ చప్పట్లు తీసుకున్నాను. స్టాకు వచ్చింది. రెండుసార్లు ఫోను చేశారు. "మీ టైరు వొచ్చింది మాస్టారూ, కాళీ సూసుకుని రండి." నేను రేపు, ఎల్లుండి అన్నాను. మరి ఆ కొత్తది తనే వేసుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. ఆయన పద్ధతి అది కాదు. ఒకరి కోసం తెప్పించిన సామానుకి వాళ్ళ పేరు చీటీ కట్టి మేకుకి తగిలించేవారు. తగిలించాక దాన్ని తాను ముట్టుకునేవారు కాదు. పదకొండు రోజులు నా పేరుతో ఆ టైరు ఆయన కళ్ళ ముందే వేలాడింది.

పన్నెండో రోజు సోమవారం. రావికమతం రోడ్డు మీద చైను తెగిపోయిందని ఎవరో ఫోను చేస్తే పనిముట్ల సంచి తగిలించుకుని బయల్దేరారు. ఆ చైను తెగినాయన దూరం నుంచి చూశాడు. వెనక ఒక వ్యాను హారన్ ఆపకుండా కొడుతోందట. దారివ్వడానికి మేస్త్రి అంచుకి జరిగారు. గాడి అక్కడే లోతుగా ఉంది. వ్యాను ఆగలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రభువు పిలుచుకున్నాడన్నారు. "పిలిచింది గాడి" అని నేను పైకే అన్నాను. మేస్త్రి భార్య నా చెయ్యి పట్టుకున్నారు. ఆమెను నేను అప్పా అని పిలుస్తాను, మా వైపు అక్కని అలాగే అంటాం.

"ఈ పూట దేవుడితో దెబ్బలాడకు తమ్ముడూ. రోడ్డు అక్కడే ఉంది. ఎల్లి దాంతో దెబ్బలాడు."

వెళ్ళాను. గాడి లేదు. ఎర్ర కంకర పోసి, తడిపి, చదును చేసేశారు. నెలల తరబడి దొరకని మనుషులు ఒక్క మధ్యాహ్నంలో దొరికారు.

ఇంటికొచ్చి అధికారులకి అర్జీ రాశాను. గాడి గురించి, హారన్ గురించి, పేపరు గురించి. టైరు గురించి రాయలేదు. అరిగిన టైరని ఒప్పుకుంటే, తవ్వినవాళ్ళు తప్పంతా దాని మీదికి తోసేస్తారు కదా, న్యాయం కోసమే దాస్తున్నాను అనుకున్నాను. సభల్లో తిరిగే మేం దీనికి వ్యూహం అని పేరు పెట్టుకుంటాం. మాకది కొత్త కాదు.

మూడో రోజు ఆయన టైరు ఇచ్చేద్దామని సైకిలు తీసుకుని అప్ప ఇంటికి వెళ్ళాను. ఏళ్ళ తరబడి షాపులో ముక్కాలి పీట మీద కూర్చుని పంచర్లు వేసిన మనిషి ఆమె. ముందు టైరుని బొటనవేలితో నొక్కారు.

"గాలెక్కువ కొట్టేవు."

అర్జీ చదివి వినిపించాను. అంతా విన్నారు.

"ఇందులో టైరు లేదేటి?"

నా కారణాలు చెప్పాను. ఆమె లోపలికెళ్ళి, మేస్త్రి సైకిలు ముందు చక్రం నుంచి తీసిన ట్యూబు తెచ్చారు. కొంచెం గాలి ఎక్కించి బేసిన్లో నీళ్ళలో ముంచారు. బుడగలు రెండు చోట్ల నుంచి వచ్చాయి, పక్కపక్కనే.

"టైరు అరిగి పేలితే ట్యూబు పొడుగ్గా సిరుగుతాది. ముల్లయితే ఒకటే సిల్లు. ఇలాగ జంటగా ఉన్నాయంటే, గట్టి అంచుకి తగిలి రిమ్ము ట్యూబుని కరిసిందన్నమాట. ఆయన నీకిది సెప్పలేదా?"

చెప్పారు. నా ముందే ఎన్ని ట్యూబులకో చూపించారు. నా సిగ్గు నన్ను ఆలోచించనివ్వలేదు. ఆ రెండు చిల్లులూ చూడగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అది నా మొహంలో ఆమెకి కనిపించింది.

"అమ్మయ్య అనుకోకు తమ్ముడూ. తవ్వినోళ్ళ తప్పు తవ్వినోళ్ళదే. కొత్త టైరుంటే ఏటయ్యేదో నాకు తెల్దు, నీకూ తెల్దు. రెండూ రాయి. ముందు నీ పేరు రాయి."

రాశాను. ఇక అడగడానికి నాకు హక్కుంది. అడుగుతున్నాను.

"అదుపు తప్పి" అని వేసిన పేపరు, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో అది తప్పని వేయాలి.

ఆ గాడి ఎవరు తవ్వారో, ఎన్నాళ్ళు వదిలేశారో, ఎవరు చెప్తే ఆ మధ్యాహ్నం పూడ్చారో కాగితం మీద రాసివ్వాలి.

ఇకమీదట ఈ రోడ్ల మీద ఎవరు తవ్వినా, పూడ్చేదాకా అక్కడ ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నిలబడాలి.

ఆ వ్యాను నడిపినవాళ్ళు ఇది చదువుతుంటే వచ్చి చెప్పాలి. మిగతావాళ్ళు, ముందు సైకిలుంటే హారన్ మీంచి చెయ్యి తీయండి.

కొత్త టైరు కొంటే ముందు చక్రానికే వేయించుకోండి.

షాపులో మేకుకి ఉన్న టైరు నాకు ఇవ్వొద్దు. చీటీ విప్పొద్దు. దారిన పోయేవాళ్ళు ఎవరి పేరో చదవాలి.

దీని మీద విచారణ జరిగి పూర్తయ్యేదాకా, అప్ప ఇంటి గోడకి ఆనించి ఉన్న ఆయన సైకిలుని బాగుచేస్తామని ఎవరూ రావొద్దు. ముందు రిమ్ము ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది, బొటనవేలు సరిగ్గా పట్టేంత. నమ్మనివాళ్ళు వచ్చి వేలు పెట్టి చూడండి.