టెర్రస్ మీద ఇంకొకరు

ఆ వార్త మొదట నాకు తెచ్చింది నేను పనిచేసే ఆఫీసు టవర్ వెనక గేటు దగ్గర కూర్చునే సెక్యూరిటీ పెద్దాయన. మధ్యాహ్నం నేను ఆరో అంతస్తు ప్యాంట్రీలో టీ కప్పులు కడుగుతున్నాను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వచ్చాడు. ఆయాసం తగ్గకముందే, "అమ్మా, మీ తమ్మునికి ఇయ్యాల డ్యూటీ ఉన్నదా?" అన్నాడు. ఉందన్నాను. చేతిలోని ఫోన్ వీపు వెనక దాచాడు. నేను లాక్కున్నాను.

నిజాంపేటలో ఒక అమ్మాయిల హాస్టల్. ఎవరో ఎదురింటి మీంచి వీడియో తీశారు. కిటికీలు నల్లటి పొగ కక్కుతున్నాయి. అద్దాలు పగిలి వీధిలో నిలబడ్డవాళ్ల మీద పడుతున్నాయి. ఏసీ డబ్బా ఒకటి మండుతూ ఊడి, కింద బండి మీద పడి పేలింది. ఆ తరవాత పెద్ద చప్పుడు. టెర్రస్ మీది మెట్ల గది గోడ ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. మా తమ్ముడు ఫైర్‌మన్. ఆ గోడ పక్కనే ఉన్నాడని నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఎందుకు తెలిసిందో చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

నేను బడికి పోలేదు. దేవుళ్ల క్యాలెండర్లలో పటాల కింద ఉండే పేర్లు చూపించి నాన్న ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు. తమ్ముడు బడినుంచి వచ్చి నా ఒత్తులు దిద్దేవాడు. ఇవాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే వాళ్లిద్దరి దయ, పైవాడి దయ. పెద్దయ్యాక మదీనాగూడలో ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం, నేనూ తమ్ముడూ.

ఒకరోజు మా టవర్లో ఫైర్ డ్రిల్ పెట్టారు. గంట మోగింది, అందరూ దిగిపోయారు. కింద ఉద్యోగుల గుర్తింపు కార్డుల లెక్క చూసి, అంతా వచ్చేశారని చప్పట్లు కొట్టారు. హౌస్‌కీపింగ్ వాళ్లం కాంట్రాక్టు మనుషులం, మాకు ఆ కార్డులు లేవు. గంట మోగినా పోవాలో వద్దో తెలియక నేను ప్యాంట్రీలోనే ఉండిపోయాను. ఆ రోజు అన్నం పెడుతూ తమ్ముడికి దాన్ని జోకుగా చెప్పాను. నిజంగా మంట వస్తే నేను కప్పులు కడుక్కుంటూనే కాలిపోతానని నవ్వాను.

వాడు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "నవ్వకక్కా. అట్ల మిగిలినోళ్లనే మేము తెల్లారి బొగ్గులల్ల ఎతుక్కుంటం" అన్నాడు. మర్నాడు మా టవర్‌కు వచ్చి, సెక్యూరిటీ పెద్దాయన రిజిస్టర్లో నా పేరు తనే రాసి, రోజూ రాయమని ఆయన్ను బతిమాలి పోయాడు. అప్పటినుంచి ఏ మంట దగ్గరికి వెళ్లినా, లెక్క సరిపోయిందని చెప్పినా సరే, పేరు రాయనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగేవాడట. స్టేషన్‌లో వాడిని ఎగతాళి చేసేవాళ్లట.

నిజాంపేటలోనూ అడిగాడు. ఈ సంగతి వాడితో జంటగా లోపలికి పోయిన ఫైర్‌మన్ నాకు తరవాత చెప్పాడు. హాస్టల్ వార్డెన్ రిజిస్టర్ చూసి పిల్లలందరూ బయటే ఉన్నారంది. వాడు రెండోసారి అడిగాడు, లేరంది. మూడోసారి గట్టిగా అరిస్తే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుంది. గిన్నెలు తోమే ఆమె టెర్రస్ మీద ఉంది. అమ్మాయిలు ఫోన్లు పట్టుకుని పైకి పోతున్నారని, రోజూ గిన్నెలిచ్చి ఆమెను పైకి పంపి, టెర్రస్ తలుపుకు మెట్లవైపు నుంచి తాళం వేసేవారు. ఆ తాళం చెవి కింద, మండుతున్న గదిలో ఉండిపోయింది.

వాడు గొడ్డలితో తలుపు నరికాడు. నరుకుతూనే అవతలున్న ఆమెను పేరు అడిగాడు. వాకీటాకీలో ఆ పేరు చెప్పి, "ఇంకొకరున్నరు, రాసుకోండి" అన్నాడు. ఆమెను పక్కింటి టెర్రస్ మీదివాళ్లకు అందించాడు. టెర్రస్ మెట్ల కింద వరసగా పెట్టిన గ్యాస్ సిలిండర్లు బుసకొట్టడం విని, పైకి వస్తున్న తన జంటను కిందికి ఉరకమని అరవడానికి మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లాడు. అప్పుడే పేలాయి.

దవాఖానలో ముఖం చూడొద్దన్నారు. చూశాను. సగమే ఉంది. హెల్మెట్ కరిగి చెవికి అతుక్కుంది. నా ఒత్తులు దిద్దిన కుడిచేతి వేళ్లు గొడ్డలి పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. విప్పబోతే చర్మం నా చేతికి వచ్చింది.

బయట బెంచీ మీద చేతికి కట్టుతో ఒకామె కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, ఆ సారు అక్కవు నువ్వేనా అంది. ఆమె జుట్టు పట్టుకుని చెంపల మీద కొట్టాను. తలను గోడకేసి గుద్దాను. గోడ మీద రక్తం కనిపించినా ఆపలేదు. నువ్వెందుకు బతికినవని అడిగాను. రోజూ దేవుడికి దీపం పెట్టే నా చేతులవి.

ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. "కొట్టక్కా. ఆయన గూడ కొట్టిండు. నీళ్ల ట్యాంకు నిచ్చెన గట్టిగ పట్టుకున్న, భయానికి ఇడుస్తలేను. చెంప మీద ఒక్కటిచ్చి లాగిండు. ఆ దెబ్బకే బతికిన" అంది.

నా చేతులు కిందికి జారాయి. ఆమెను నేను కొట్టింది నా నోరు చేసిన పనికి. ఆ రోజు నేను అన్నం దగ్గర అలా నవ్వకపోతే వాడు మూడోసారి అడిగేవాడు కాదేమో. పదకొండు రోజులు దేవుడి పటాలను గోడవైపు తిప్పి పెట్టాను. పన్నెండో రోజు ఆమె ఒక కొబ్బరికాయ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నుదుటి మీద నేను చేసిన గాయం ఇంకా మానలేదు. పటాలను ఒక్కొక్కటిగా ఇటువైపు తిప్పింది. ఆ రోజు దీపం ఇద్దరం కలిసి వెలిగించాం. వాడు మూడోసారి కూడా అడిగినందుకు ఆ రోజు మొదటిసారి దణ్ణం పెట్టుకోగలిగాను.

ఇప్పుడామె తెల్లాపూర్ వైపు ఇంకో హాస్టల్లో అదే పని చేస్తోంది. రిజిస్టర్లో పేరు రాశారా అని పోయినవారం అడిగాను. "గిన్నెలు తోమెటోళ్ల పేరు ఎవరు రాస్తరక్కా" అని నవ్వింది. నాలాగే నవ్వింది.

ఇది చదివినవాళ్లను ఒక్కటి అడుగుతాను. మా తమ్ముణ్ని తలుచుకోవడానికి నేనున్నాను. మీరు ఆమెను గుర్తు పెట్టుకోండి. మీ దగ్గర గంట మోగి అందరూ కిందికి దిగినప్పుడు, పైన గిన్నెలు తోముతున్న ఆమె ఒకతె ఉందని గుర్తు పెట్టుకోండి.