మొదటి గ్లాసు

పర్యావరణ శాస్త్రవేత్త అనడానికి నోరు తిరక్క, మా వీధివాళ్ళు ఆమెను నీళ్ళమ్మాయి అనేవారు. సెలవురోజు వస్తే చాలు, జుట్టు పెన్సిలుతో ముడిపెట్టి, సీసాలు గలగలలాడే సంచీతో వచ్చి కుళాయి దగ్గర గొంతుక్కూర్చునేది. పరీక్షలో నీళ్ళు మంచివని తేలినా ఆ మాట చెప్పి ఊరుకునేది కాదు. మొదటి గ్లాసు అందరి ముందూ తనే గడగడా తాగేది. ఆ తర్వాతే బిందెలు కదిలేవి. ఒకసారి పరీక్షలో అంతా బాగానే వచ్చినా, గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆగిపోయింది. "ఏమైందే?" అంది మా వీధి దర్జీ ముసలితల్లి. "ఏదో వాసన వస్తోందత్తా. నేను తాగలేనివి మీకెలా పోస్తాను? మళ్ళీ చూస్తాను," అని పారబోసింది. వీధంతా సణుక్కుంటూ పక్కవీధి నుంచి నీళ్ళు మోసుకుంది. మళ్ళీ చూస్తే పైపులోకి మురుగు ఊరుతోందని తేలింది.

పోయిన వానాకాలంలో రోడ్డు ప్రమాదం ఆమెను తీసుకుపోయింది. ఆమె స్థానంలో వచ్చిన కొత్తాయన మొన్న పరీక్ష చేసి, "నీళ్ళు బాగున్నాయి, పట్టుకోండి," అన్నాడు. ఒక్క బిందె కూడా కదల్లేదు. ఆయన తెల్లమొహం వేశాడు. అప్పుడు దర్జీ తల్లి చేతికర్ర గోడకు ఆనించి, గ్లాసు నిండా పట్టింది. "ఆగండర్రా! పచ్చటాకులాంటి పిల్ల ఇన్నాళ్ళూ మనకోసం తాగింది. పండుటాకుని, నాకేం భయం?" అని గ్లాసెత్తింది.