పిన్ని సాక్ష్యం, నా సంచిలో మాత్రలు: గుడివాడ నుంచి నాగాయలంక దాకా

దివిసీమకు అందరూ కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడటానికి వెళ్తారు. నేను మా పిన్ని చేత మాత్ర మింగించడానికి వెళ్లాను. విజయవాడలో ఒక ల్యాబ్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పరిశోధన చేస్తుంటాను. పొగ తాగడమన్నదే ఎరగని ఆడవాళ్లకు ఈ జబ్బు ఎందుకొస్తోంది, వాళ్ల క్యాన్సర్ కణాల జన్యువుల్లో ఏ మార్పు ఉంది, దాన్ని తొందరగా పట్టుకోవడం ఎలా అన్నది నా పని. ఇన్నేళ్లూ నా టేబుల్ మీదకు నంబర్లు వేసిన సీసాలే వచ్చేవి. ఈసారి నాకు తెలిసిన మనిషిది వచ్చింది. కరుణమ్మ, మా అమ్మకు సొంత చెల్లెలు, నాగాయలంకలో రిటైరైన టీచరు.

పిన్నికి దగ్గు మొదలైతే ఊళ్లో టీబీ మందులు వాడించారు. ఇక్కడ తగ్గని దగ్గు అనగానే అందరికీ ముందు తట్టేది అదే. నెలలు గడిచాయి, దగ్గు తగ్గలేదు సరికదా ఆయాసం కూడా పట్టుకుంది. చివరికి బందరులో ఒక ఛాతీ డాక్టరు ఆమె ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీశారు. చాలాచోట్ల ఆ నీళ్లు పారబోస్తారు. పారబోయకండి మహాప్రభో, క్యాన్సర్ కణాలు అందులోనే తేలుతుంటాయి, మాకు పంపండి అని కనిపించిన డాక్టరునల్లా బతిమాలడం నా అలవాటు. ఈయన విన్నారు, పంపారు. క్యాన్సరని తేలింది. నేను వెతికే జన్యుమార్పు కూడా అందులో ఉంది. ఆ మార్పు ఉన్నవాళ్లకు రోజుకొక మాత్ర బాగా పనిచేస్తుంది. జబ్బును తుడిచిపెట్టదు కానీ మంచి రోజులు ఇస్తుంది, కొందరికి ఏళ్లే ఇస్తుంది.

ఈలోపు కొంప మునిగింది. నీరు తీయగానే ఊపిరి ఆడింది కదా, రిపోర్టు రాకముందే వచ్చిన ఆదివారం పిన్ని చర్చిలో మైకు పట్టుకుని, దేవుడు తనను స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పేసింది. మా క్రైస్తవుల ఇళ్లల్లో సాక్ష్యం అంటే మాటవరసకు అనేది కాదు. సంఘమంతా చూస్తుండగా దేవుడి పేరు మీద ఇచ్చిన మాట. ఇప్పుడు మాత్రలనగానే ఫోన్ పెట్టేస్తోంది. అందుకే బయల్దేరాను.

గుడివాడలో మా ఇంటి నుంచి బస్టాండుకు నడిచి ఆరున్నరకు బందరు బస్సు ఎక్కాను. గంటన్నర లోపు దింపేస్తుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడవునా చేపల చెరువులు, వాటి మధ్య మిగిలిన వరి. మామూలుగా ఈ దారంటే నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం ఏ ఇంటి ముందు ఏ ఆడమనిషి దగ్గుతోందా అనే చూశాను. పాడు బుద్ధి, ఏం చేయను.

బందరులో దిగి ఇడ్లీ తిని, ఆ ఛాతీ డాక్టరుగారి దగ్గరికి ఆటోలో వెళ్లాను. ఎక్కడికైనా యాభై, అరవై రూపాయలు అడుగుతారు. డ్రైవరు బాషాగారు అద్దంలో నన్ను చూస్తూ అడిగారు.

“తమరు డాక్టరాండీ?”

“డాక్టర్నే. క్యాన్సర్ మీద పరిశోధనండీ.”

“మందు కనిపెట్టారాండీ మరి?”

“కొందరికి మందు ఉందండీ.”

“మరింకేమండీ, అదృష్టవంతులు!” అన్నారాయన సంబరంగా. నేను డబ్బులిచ్చి ఆసుపత్రి ముందు దిగాను. డాక్టరుగారు మొదటి నెల మాత్రల డబ్బా నా చేతిలో పెట్టి, “ఎలాగోలా మొదలుపెట్టించండి మేడమ్, నీరు మళ్లీ చేరుతుంది,” అన్నారు. అది నాకు తెలియనిదా!

బందరు నుంచి అవనిగడ్డకు చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సులు తరచుగా ఉంటాయి, గంట పైనే పడుతుంది. పులిగడ్డ దగ్గర నది దాటుతుంటే గాలి మారుతుంది. అవనిగడ్డలో నాగాయలంక బస్సు కోసం నిలబడేకంటే షేరాటో నయం, అరగంటలో చేరుస్తుంది. నేను దిగేసరికి మధ్యాహ్నమైంది.

పిన్ని గుమ్మంలోనే ఉంది. “వందనాలు పిన్నీ,” అన్నాను. “వచ్చావుటే, ఎండన పడి! కాళ్లు కడుక్కో, రొయ్యలు వండాను,” అంది. మనిషి సగమైపోయింది. వడ్డిస్తూ మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఏదో వెతుకుతున్నట్టు నటించి ఊపిరి తీసుకుంది.

అన్నం కాగానే డబ్బా తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చూడనైనా చూడలేదు.

“నేను సాక్ష్యం చెప్పానే.”

“పిన్నీ, ఆ నీళ్లు తీసింది బందరు డాక్టరు, సూదితో! నీరు తీస్తే ఎవరికైనా ఊపిరాడుతుంది. జబ్బు ఎక్కడిదక్కడే ఉంది.” నా గొంతు లేచింది. పక్కింటి వాళ్లకు వినపడి ఉంటుంది.

“మెల్లిగా. నాకు తెలుసులేవే.”

“ఏం తెలుసు?”

“కుడివైపు తిరిగి పడుకుంటే మళ్లీ బరువుగా ఉంటోంది. ముందూ ఇలాగే మొదలైంది. తగ్గలేదని తెలుసు.”

నమ్మకంతో వద్దంటోందనుకుని ఆ నమ్మకంతో వాదించడానికి దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను. తగ్గలేదని తెలిసిన మనిషితో ఏం వాదించాలి?

“మరి?”

“మరేముంది, మైకులో చెప్పేశానుగా. ఎదురింటి రూతు లేదూ, వాళ్లాయనకు డయాలసిస్ చేస్తున్నారు. ఆ పిల్ల అన్నం మానేసి మంచం పట్టింది. నా సాక్ష్యం విని లేచి పొయ్యి వెలిగించుకుంది. ఇప్పుడు నాకు తగ్గలేదని ఎలా చెప్పనే?”

“ఎవరికీ చెప్పకు. చాటుగా వేసుకో.”

పిన్ని మొదటిసారి డబ్బా చేతిలోకి తీసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. “వేసుకుంటే పైకి తెలుస్తుందా?” అని అడిగింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది పిన్ని.

“ముఖం మీద పొక్కులు రావచ్చు. చాలామందికి వస్తాయి.”

“అందరూ అడుగుతారు,” అని డబ్బా నా వైపు జరిపింది.

ఇక పాస్టరుగారే దిక్కనుకుని ఆయన ఇంటికి వెళ్లాను. నిజం చెప్పొద్దూ, తిట్టాలనే వెళ్లాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నేను నోరు తెరవకముందే అన్నారు.

“మాత్రలు వేసుకోమని నేనూ బతిమాలానమ్మా. మందు కూడా దేవుడిచ్చిందేనని ఆదివారం సంఘానికి చెప్తానన్నాను. ‘మీరు ఆ మాట చెప్తే నా కోసమేనని అందరికీ తెలిసిపోద్ది, చెప్తే చర్చికి రావడం మానేస్తాను’ అందమ్మా. నన్నేం చేయమంటారు?”

ఆయన కళ్లు తడిశాయి. కోప్పడటానికి కూడా ఎవరూ మిగల్లేదు నాకు.

సాయంత్రం పిన్ని నన్ను సాగనంపడానికి సెంటరు దాకా వచ్చింది, వద్దన్నా వినలేదు. రెండు ఇళ్లు దాటేసరికి నా మోచెయ్యి పట్టుకుంది. ఎదురింటి రూతు పంపు దగ్గర బిందె దించి పరిగెత్తుకొచ్చింది. “టీచరుగారూ, ఇప్పుడెలా ఉందండీ?” అని అడిగింది. పిన్ని ఆగింది. నా చేతి మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి, గోళ్లు దిగాయి. ఊపిరి కూడదీసుకుని, నవ్వి, “బాగుందమ్మా, దేవుని కృప,” అంది. రూతు ముఖం వెలిగిపోయింది. ఆ రెండు మాటలకూ పిన్ని ఎంత ఊపిరి ఖర్చు పెట్టిందో రూతుకు తెలియదు. నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో ఏమీ చూడలేదు, అందుకే దాని గురించి రాయడానికేమీ లేదు. ఒక కణం జన్యువుల్లో ఏ అక్షరం ఎక్కడ మారిందో చెప్పగలను. ఆ మార్పుకు సరిగ్గా సరిపోయే మందు చూపించగలను. ఈ చదువంతా మా పిన్ని ఇంటి గుమ్మం దాటలేకపోయింది. వచ్చే వారం మళ్లీ వెళ్తాను, ఆ పై వారం కూడా వెళ్తాను. ఒప్పుకుంటుందన్న ఆశ నాకు లేదు. నీరు మాత్రం చేరుతూనే ఉంటుంది.

దివిసీమకు వెళ్లేవాళ్లు ఉదయమే బయల్దేరండి, అవనిగడ్డ నుంచి సాయంత్రం బస్సులు ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. అసలు సలహా ఇది కాదు. మీ ఇంట్లో ఎవరికైనా ఊపిరితిత్తి నుంచి నీరు తీయిస్తే, దాన్ని పారబోయనివ్వకుండా పరీక్షకు పంపమనండి. ఆ పూట ఊపిరి తేలికవుతుంది, అది జబ్బు తగ్గడం కాదు. ఆ సంగతి మీ మనిషికి ఆసుపత్రి మెట్ల మీదే చెప్పండి, ఆదివారం రాకముందే చెప్పండి. మా పిన్నికి చెప్పినవాళ్లు లేరు.