విత్తనాలమ్మాయి ఆదివారం లెక్క

ఆ పిల్లకి విత్తనాలమ్మాయి అని పేరు పెట్టింది చర్చి తాళాలు చూసే పెద్దాయన. పెట్టక ఏం చేస్తారు మరి. మొదటిసారి లోపలికి వచ్చిన రోజున చేయి కలపబోతే ఆమె గోరు సందున ఒక నల్లటి గింజ ఇరుక్కుని కనిపించింది. "ఇదేంటమ్మా, నువ్వుగింజా?" అని ఆయన ఊరికే అడిగారు. పరాయి దేశం నుంచి వచ్చి పట్టుమని పదిహేను రోజులు కాని ఆ అమ్మాయి, అది ఉల్లి విత్తనమని, ఉల్లి విత్తనం ఇట్టే ముసలిదైపోతుందని, ముసలిదాన్ని మళ్ళీ మొలిపించడమే తన చదువని, వచ్చీరాని భాషలో అరగంట చెప్పింది. ఆయన నిలబడే విన్నారు. పేరు అలా అతుక్కుపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, ఆమె దేవుణ్ణి వెతుక్కుంటూ చర్చికి రాలేదు. హాస్టల్లో ఆదివారం వంటగది మూసేస్తారు. ఆకలితో వీధులు కొలుస్తుంటే ఒక గేటు దగ్గర బోర్డు కనిపించింది. విదేశీ విద్యార్థులకు స్వాగతం, ఆరాధన తర్వాత భోజనం. మొదటి మాట ఆమెను ఆపింది, రెండో మాట లోపలికి లాగింది.

ఇంట్లో ప్రార్థన చేసుకునే మనిషి నాయనమ్మ ఒక్కతే. తెల్లారగానే పక్క మీదే కూర్చుని పెదవులు కదిపేది. పక్కనే పడుకున్న మనవరాలు ఆ గుసగుసనీ, పంపులో నీళ్ళు వచ్చే చప్పుడునీ ఒకేలా వినేది. నాన్నకి ఆ గొడవ పట్టదు, అమ్మకి తీరిక లేదు. నాయనమ్మ పోయాక ఆ గుసగుస కూడా పోయింది, దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఇక్కడ చివరి బల్ల మీద కూర్చుని, చుట్టూ పాతికమంది తలలు వంచి పెదవులు కదుపుతుంటే మన పిల్లకి ఏడుపొచ్చినంత పనైంది. మరుసటి ఆదివారం కూడా వచ్చింది. భోజనానికే అని తనకి తాను చెప్పుకుంది.

బుధవారం సాయంత్రాలు వెనక గదిలో కొందరు విద్యార్థులు కూర్చుని బైబిలు చదువుకునేవాళ్ళు. అక్కడికీ వెళ్ళడం మొదలుపెట్టింది. వెళ్ళి ఊరుకుంటుందా? ప్రశ్నలతో అందరి తలప్రాణం తోకకి తెచ్చింది. పాస్టరుగారు ఓపికమంతులు కాబట్టి సరిపోయింది. మిగిలిన ప్రశ్నలన్నీ గది సర్దేటప్పుడు తాళాల పెద్దాయన నెత్తిన పడేవి. ఆయన్ని రెండో వారానికే బాబాయిగారూ అని పిలిచేసింది. ఆయన భార్య, వంటగది చూసుకునే ఆవిడ, పిన్నిగారు అయిపోయింది.

"బాబాయిగారూ, దేవుడికి అన్నీ ముందే తెలుసంటారు కదా. మరి మనం మళ్ళీ నోరు తెరిచి చెప్పడం దేనికండి?" అని ఒక బుధవారం కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ అడిగింది.

బాబాయిగారు రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపిన మనిషి. ఆయనకి ఏ సంగతైనా బస్సులోంచే కనిపిస్తుంది.

"ముప్పై ఏళ్ళు ఒకటే రూటమ్మా నాది. ఎక్కేవాళ్ళంతా రోజూ ఎక్కేవాళ్ళే. ఎవరు ఎక్కడ దిగుతారో నాకు కంఠతా వచ్చు. అయినా వాళ్ళు నోటితో చెప్పేదాకా బస్సు ఆపేవాణ్ణి కాదు."

"అదేం మొండితనమండీ?"

"మొండితనం కాదులే. చెప్తేనే కదా రెండు మాటలు కలిసేది. లేకపోతే వాళ్ళు సామాను, నేను డ్రైవరు. అంతే."

ఆమె నవ్వేసింది. నమ్మిందా అని అడిగితే మాత్రం, ఆ సంగతి తనే ఇంకా తేల్చుకోలేదు.

ఇక ఆమె చదువు సంగతి. లాబ్ చర్చికి ఇరవై నిమిషాల నడక. అందులో ఒక మూల, వేడి పెరగకుండా తరగకుండా ఉండే గాజు తలుపుల అలమర. అలమరలో రెండు పళ్ళేలు, ఒక్కోదానిలో తడి కాగితం మీద వంద పాత ఉల్లి విత్తనాలు. ఒక పళ్ళెంలోవి ముందు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టినవి, రెండోదానిలోవి నానబెట్టనివి. ఏవి తొందరగా మొలుస్తాయన్నదే అసలు ప్రశ్న. రోజూ మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి, తెల్లటి వేరు బయటికి వచ్చినవాటిని చిన్న పట్టకారుతో తీసి, లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, పారెయ్యాలి. ఒక్క రోజు తప్పిందంటే ఆ రోజు లెక్క ఇక జన్మలో దొరకదు.

ఆ పుస్తకానికి గైడు మేడమ్ మొదటి రోజే కట్టుబాట్లు చెప్పారు. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు. ఒకే ఒక్క గీత కొట్టి, ఆ గీత కింద తప్పు కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. మేడమ్ మాట తక్కువ మనిషి. చెప్పింది మళ్ళీ చెప్పే అలవాటు లేదు.

అంతా సవ్యంగానే సాగింది, ఆ ఆదివారం దాకా. ఆ రోజు భోజనాలయ్యాక పిన్నిగారు ఒక తువ్వాలు ఆమె భుజాన పడేసి, "రామ్మా, ప్లేట్లు తుడుద్దువు గాని" అన్నారు. చుట్టంగా వచ్చినవాళ్ళకి ఎవరూ పని చెప్పరు, ఇంటి మనిషికే చెప్తారు. వచ్చి నాలుగు నెలలైనా ఆ దేశంలో ఎవరూ ఆమెకి ఇలా పని చెప్పలేదు. పిల్లకి ఏనుగెక్కినంత సంబరమైంది. ప్లేట్లు తుడిచింది, గ్లాసులు తుడిచింది, తుడిచినవే మళ్ళీ తుడిచింది. రెండైంది. అరగంటలో కొంపలేం మునిగిపోతాయి అనుకుంది. వాన పట్టుకుంది. పాటలు మొదలయ్యాయి. తీరా పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి నాలుగూ ఇరవై. ఆదివారం లాబ్ భవనానికి నాలుగింటికే తాళం పడుతుంది. గాజు తలుపుకి ముఖం ఆనించి చూస్తూ నిలబడింది.

సోమవారం నానబెట్టినవాటిలో మొలిచినవి నలభై ఆరు ఉన్నాయి. అందులో ఆదివారానివి ఎన్నో, సోమవారానివి ఎన్నో ఆ విత్తనాలకే తెలియాలి. ఆదివారం లెక్కించలేదు అని నాలుగు ముక్కలు రాసి ఉంటే సరిపోయేది. మన పిల్ల అలా రాయలేదు. ముప్పై ఏడు ఆదివారానికి, తొమ్మిది సోమవారానికి పంచిపెట్టేసింది, రెండో పళ్ళెంలోవీ అలాగే. ముప్పై ఐదు అని గుండ్రంగా రాస్తే అనుమానం వస్తుందని ముప్పై ఏడు రాసింది చూశారూ, అక్కడే ఉంది అసలు దొంగతనం. చర్చిలో ప్లేట్లు తుడిచి వచ్చి మరీ చేసిన పని ఇది.

వారం తిరగ్గానే మేడమ్ ఆ పేజీ చూసి, ఎప్పుడూ లేనిది, చిన్నగా నవ్వారు. "ఆదివారం ఒక్కరోజే ముప్పై ఏడా? బాగుంది. వచ్చే శుక్రవారం డిపార్ట్‌మెంటు మీటింగులో నువ్వే చెప్పు" అన్నారు. చెప్పకపోతే అనుకున్న టర్ముకే డిగ్రీ చేతికొస్తుంది, అమ్మ చూడడానికి వస్తుంది. చెప్తే ప్రయోగం మొదటికొస్తుంది, డిగ్రీ ఆర్నెల్లు వెనక్కి పోతుంది. అసలు మేడమ్ తన దగ్గర ఉంచుకుంటారో లేదో కూడా తెలియదు.

బుధవారం గుంపులో ఒక్కొక్కరూ తమ అవసరాలు చెప్పుకుంటున్నారు. ఆమె వంతు వచ్చింది. నీళ్ళు నమిలి, "శుక్రవారం నా ప్రెజెంటేషన్ ఉంది, బాగా జరగాలని ప్రార్థించండి" అంది. ఇక చూడండి. పాపం అందరూ మనసుపెట్టి ప్రార్థించారు. ఆమె కష్టానికి ఫలం ఇవ్వమని ఒకరు, ఆమె నిజాయితీని దీవించమని ఇంకొకరు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది మన పిల్ల.

అందరూ వెళ్ళాక కుర్చీలు పేరుస్తూ బాబాయిగారికి అంతా చెప్పేసింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. చివరి కుర్చీ కూడా పైన పెట్టేసి, "మేడమ్‌గారు ఎన్నింటికి వస్తారు?" అని మాత్రం అడిగారు.

"తొమ్మిదికండి."

"అయితే ఎనిమిదింపావుకి హాస్టల్ గేటు దగ్గర ఉంటాను."

"మీరెందుకండీ?"

"నాకేం పనుంది చెప్పు. బస్సు కూడా లేదు."

మర్నాడు పొద్దున లాబ్ వరండాలో బెంచీ మీద, ఒళ్ళో తాళాల గుత్తి పెట్టుకుని బాబాయిగారు కూర్చున్నారు. ఆమె లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచి, ఆ పేజీ మీద వేలు పెట్టింది. "ఈ ముప్పై ఏడు నేను లెక్కపెట్టలేదు మేడమ్. ఆ రోజు నేను రాలేదు. ఊహించి రాశాను."

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది ఎవరూ పట్టుకునేవాళ్ళు కాదు. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి?"

"అందరూ నా కోసం ప్రార్థన చేశారు మేడమ్. వినలేకపోయాను."

మేడమ్ దేవుణ్ణి నమ్మే మనిషో కాదో ఎవరికీ తెలియదు. ఆ జవాబుకి నవ్వనూ లేదు, తల ఊపనూ లేదు. "నాకు చాలా కోపంగా ఉంది. గీత కొట్టు" అన్నారు. ముప్పై ఏడు మీద ఒక గీత, తొమ్మిది మీద ఒక గీత, రెండో పళ్ళెం అంకెల మీద చెరో గీత. "కారణం ఏం రాయను మేడమ్?" అంటే, "జరిగింది రాయి" అన్నారు. ఆదివారం లెక్కించలేదు, రాసిన అంకెలు ఊహ అని రాసి సంతకం పెట్టింది. దాని కింద మేడమ్ తన సంతకం పెట్టారు. శుక్రవారం పేర్లలోంచి ఆమె పేరు తీసేశారు. నువ్వు రాసిన ప్రతి పేజీ మళ్ళీ చూస్తానన్నారు. అప్పుడు అలమర తెరిచి, అడుగున కాసిని విత్తనాలున్న సీసా బయటికి తీశారు.

"ఇంకొక్కసారికి సరిపోతాయి. ఈసారి రోజూ రెండింటికి నేనూ వస్తాను. నువ్వు లెక్కపెట్టాక నేను లెక్కపెడతాను."

"ఆదివారం కూడానా మేడమ్?"

"విత్తనాలకి ఆదివారం లేదు కదా" అని కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

బయటికొచ్చి బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది పిల్ల. బాబాయిగారు జేబురుమాలు ఇచ్చారు. దానికి తాళాల నూనె మరకలు. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇంకో ఆర్నెల్లా?" అంది అమ్మ. "మీ నాయనమ్మ ఉంటే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేసేది. నాకు అది రాదు. ఏమైనా తిన్నావా లేదా?"

ఆ మాట విన్నాక గాని ఆమెకి ఆకలి తెలియలేదు.

రెండోసారి విత్తనాలు పెట్టారు. వేళ్ళ మీద లెక్కేసుకుంటే, మొలకలు జోరందుకునే అసలైన రోజు మళ్ళీ ఆదివారమే వచ్చింది. చర్చిలో భోజనం ఒంటిగంటకి, తింటూ కూర్చుంటే మళ్ళీ ఆలస్యమవుతుంది. ఆ ఆదివారం ఆరాధన ముగియగానే, "నా కోసం చూడకండి పిన్నిగారూ, ఏదైనా మిగిలితే మూత పెట్టి ఉంచండి" అని చెప్పి బయల్దేరింది. రెండింటికి మేడమ్ వచ్చారు. ఆమె ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టింది. తర్వాత మేడమ్ లెక్కపెట్టారు. నానబెట్టినవి పంతొమ్మిది, నానబెట్టనివి పదకొండు. ముప్పై ఏడుకి దరిదాపుల్లో కూడా లేదు. అయినా అంకె అంకే. ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆమె గడియారం వైపు చూడడం మేడమ్ గమనించారు.

"ఎక్కడికి తొందర?"

"చర్చిలో భోజనం మేడమ్. అయిపోయి ఉంటుందిలెండి."

"వెళ్ళు. పళ్ళేలు నేను లోపల పెడతాను."

మూడు కావస్తుండగా ఆయాసపడుతూ చర్చి భోజనాల గదిలోకి అడుగుపెట్టింది. అందరూ తిని లేచి ఉంటారు, ప్లేట్లు కడుగుతూ ఉంటారు, తను తువ్వాలు అందుకుంటే సరి అనుకుంటూ వచ్చింది. చూస్తే పాతికమందీ బల్లల చుట్టూ కూర్చుని ఉన్నారు. గిన్నెల మీద మూతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ప్లేట్లన్నీ ఖాళీ. ఒక ముసలావిడ కునుకు తీస్తోంది.

"మీరింకా తినలేదా?" అంది.

"ఇంట్లో ఒకళ్ళు పనికెళ్తే మిగతావాళ్ళు తినేస్తారేమిటి?" అన్నారు పిన్నిగారు. "మీ బాబాయిగారే అందర్నీ కూర్చోబెట్టారు. ఆకలికి సగంమంది మొహాలు పీక్కుపోయాయి, ముందు కూర్చో."

ఆమె కళ్ళు నిండిపోయాయి. తుడుచుకోలేదు కూడా. ఈ ఊళ్ళో తన కోసం ఆకలిని ఆపుకునే మనుషులు ఉన్నారని తెలిశాక ఇంకేం తుడుచుకుంటుంది.

బాబాయిగారు లేచి, "ఇవాళ భోజనం ముందు ప్రార్థన విత్తనాలమ్మాయి చేస్తుంది" అన్నారు.

అంతమందిలో పైకి ప్రార్థన చేయడం ఆమె ఎరగదు. నాకు రాదు అనబోయింది. అందరూ అప్పటికే తలలు వంచేశారు. ముసలావిడ కూడా లేచి కూర్చుంది. ఆమె కళ్ళు మూసుకుంది. చెప్తేనే కదా రెండు మాటలు కలిసేది.

"ప్రభువా, ఇవాళ పంతొమ్మిది మొలిచాయి. పంతొమ్మిదే. నేనే లెక్కపెట్టాను, మేడమ్ కూడా లెక్కపెట్టారు. నీకు ముందే తెలుసు, అయినా చెప్తున్నాను. పంతొమ్మిదికీ వందనాలు. వీళ్ళు నా కోసం ఆగినందుకు వందనాలు. ఆమేన్."

"ఆమేన్" అన్నారు అందరూ. పిన్నిగారు మొదటి గిన్నె మూత తీశారు.