విమలమ్మ క్షమాపణ చెప్పలేదు

బోధన్‌లో విమలమ్మను ఎరగని క్రైస్తవ కుటుంబం లేదు. సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసి రిటైరైంది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఈస్టరుకు ముందు శ్రమదినాలన్నీ ఒంటిపూట భోజనం, ఆదివారం పొయ్యి ముట్టించని పట్టింపు, ఆరాధనకు ఆలస్యంగా వచ్చిన కోడళ్లకు గుమ్మంలోనే చీవాట్లు. దేవుడి మాట జవదాటలేదన్న ధీమా ఆమె నడకలోనే కనిపించేది.

ఆ ధీమా ఒక ఆదివారం పొద్దున చెరకు చేను పక్కన కూలిపోయింది.

ఆ రోజు చర్చిలో ప్రభు సంస్కారం, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. చెల్లెలి ఊరికి పోయిన విమలమ్మ తెల్లచీర కట్టుకుని సాయికుమార్ ఆటోలో తిరిగి వస్తోంది. దారిలో సంఘపెద్ద ప్రేమ్‌దాసు చెరకుతోట. బోధన్ ఫ్యాక్టరీ మూతబడ్డాక ఇక్కడి చెరకు లారీలెక్కి దూరం పోతోంది. నరకడానికి మహారాష్ట్ర నుంచి ఆలుమగలు వచ్చి గట్ల మీద గుడిసెలు వేసుకుంటారు. వాళ్లలో ఒక పిల్ల గట్టు మీద పడి ఉంది. గుడ్డ ఊయలలో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఆపు సాయీ," అంది విమలమ్మ.

దిగి చెయ్యి పట్టుకుంటే నిప్పులా కాలింది. ఆ పిల్ల పేరు కాంతా. కాన్పయి వారం కాలేదు. "పాణీ..." అని మాత్రం అనగలిగింది. మొగుడు చేతులు నలుపుకుంటూ, కూలీలను తెచ్చిన మేస్త్రి వంక చూశాడు.

"ఏం గాలేదమ్మా. గీ లారీ నిండినంక గోలీ తెప్పిస్త," అన్నాడు మేస్త్రి.

అంతలో చర్చికి పోతున్న ప్రేమ్‌దాసు కారాపాడు. "విమలక్కా, గీడ ఏం జేస్తున్నవ్? గంట గొట్టే టైమైంది."

"మంచిగొచ్చినవ్ తమ్మీ. నీ కార్ల దవాఖానకు ఏస్కపోదాం పట్టు."

అతను ఆ పిల్ల చీర మీది నెత్తుటి మరకలు చూశాడు, కారు సీటు చూసుకున్నాడు. "నేను రొట్టె పంచాలె గదక్కా. మేస్త్రి సూసుకుంటడు తియ్యి."

కారు వెళ్లిపోయింది.

విమలమ్మ రోడ్డు వైపే చూస్తూ నిలబడింది. తానూ పోవచ్చు. పోతే పది ఆజ్ఞల్లో ఒక్కటీ తప్పినట్టు కాదు. అదే ఆమెను వణికించింది. ఏ ఆజ్ఞా మీరకుండానే ఈ పిల్లను చావనివ్వచ్చు! ఇన్నేళ్లూ తాను కాపాడుకున్నది యేసు మాటనా, ఒంటి మీది తెల్లచీరనా?

తల్లినీ బిడ్డనూ ఆటోలోకి చేర్చింది. మొగుడు కూడా ఎక్కాడు. మేస్త్రి అడ్డం నిలబడ్డాడు. "మనుషులు పోతే కోత ఆగుతది. సారుకు జవాబెవ్వలు జెప్తరు?"

"నేన్ జెప్త. జరుగు. జరగకుంటే నీ మీదికెల్లే తోలిపిస్త. సాయీ, తోలు!"

మేస్త్రి జరిగాడు.

బోధన్‌లో సూది వేసి నిజామాబాద్ పెద్ద దవాఖానకు పంపారు. దారి పొడవునా కాంతా తల విమలమ్మ ఒడిలోనే ఉంది. సాయంత్రానికి చీరలో తెలుపు మిగల్లేదు గానీ పిల్లకు ప్రాణం నిలిచింది. కోలుకున్నాక ఆలుమగలు బిడ్డతో దెగ్లూరు వైపు తమ ఊరికి వెళ్లిపోయారు. మిగిలిన కూలీలు, మనిషి పడిపోతే దవాఖానకు పంపుతామని మాటిచ్చేదాకా కత్తి పట్టం అని కూర్చున్నారు. కోత ఆగింది, చెరకు ఎండింది.

ప్రేమ్‌దాసు కోపం సంఘ కమిటీకెక్కింది. సంస్కారం ఎగ్గొట్టింది, పెద్దమనిషి పరువు తీసింది. అందరి ముందు క్షమాపణ చెప్పాలి. లేదంటే పదవీ ఉండదు, రొట్టే అందదు.

ఆదివారం ఆరాధన అయ్యాక విమలమ్మ లేచి నిలబడింది.

"తప్పు ఒప్పుకోమన్నరు. ఒప్పుకుంట. ఇన్నేండ్లు గా తొవ్వంటే వచ్చిన. గసొంటి గుడిసెలు ఎన్నో జూసిన. ఒక్కనాడు దిగలే. గది నా తప్పు. మొన్న జేసింది తప్పు గాదు. మల్ల కనవడ్తే మల్ల దిగుత."

"సంఘమన్నంక నియమముంటది గదమ్మా," అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా.

"ఉంటది అయ్యగారూ. నియమం తప్పకుంటనే గా పిల్లను సంపుకుందుము. నాకు గా నియమం సాలదు."

పదవి పోయింది. చర్చి మాత్రం ఆమె మానలేదు. ఇప్పటికీ ముందు వరుసలోనే కూర్చుంటుంది. రొట్టె పళ్లెం ఆమెను దాటిపోతుంది. ఆమె తల దించదు, లేచిపోదు. ఆరాధన కాగానే ప్రేమ్‌దాసు కోడలు నవతను వెంటబెట్టుకుని, మందులు, జావ తీసుకుని గుడిసెలకు బయల్దేరుతుంది.

మొన్న గేటు దగ్గర ప్రేమ్‌దాసు ఎదురయ్యాడు. "ఇంకెన్ని దినాలక్కా గీ మొండితనం?"

"చెరుకు కోతలున్నన్ని దినాలు," అంది విమలమ్మ. నవత అప్పటికే ఆటోలో కూర్చుని ఉంది.