బాయిలర్ గదిలో ఒక మధ్యాహ్నం

దెయ్యాల కథ మొదలుపెట్టినవాణ్ణి ఏడిపించి పంపించడంలో మా ఫ్రెండ్స్‌లో నాకు మంచి పేరే ఉంది. ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, లైటెందుకు వెయ్యలేదు అంటూ ప్లీడరులా నిలదీసేవాణ్ణి. ఇప్పుడు నన్ను ఎవరైనా అవే ప్రశ్నలు అడిగితే నా దగ్గర జవాబు లేదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది న్యూజెర్సీలో, ఐసెలిన్ దగ్గర ఒక పాత ఇల్లు. బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్లు కాస్తుంది. ఆ వేడినీళ్లని ఒక చిన్న పంపు రాగి పైపుల్లో ఇల్లంతా తిప్పుతుంది. పంపు ఆగిందంటే బాయిలర్ ఎంత కాగినా గదులు చల్లబడిపోతాయి.

సరిగ్గా మంచు తుఫాను రోజునే అది ఆగింది. మామూలప్పుడైతే రెండు స్వెటర్లు వేసుకుని కూర్చునేవాళ్లం. కానీ మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకుని ఎన్నాళ్లో కాలేదు. చలి తగలనివ్వద్దని డాక్టరు మరీ మరీ చెప్పింది. రిపేరు వాళ్లకి ఫోన్ చేస్తే రోడ్లు క్లియర్ అయ్యాకే వస్తామన్నారు.

మా ఆవిడ శ్రావణి పాపని దుప్పట్లో చుట్టి గుండెలకి హత్తుకుని, "దీని వేళ్లు చల్లబడిపోతున్నాయి, ఏదో ఒకటి చెయ్యి" అంది.

పంపు కొన్నాళ్లుగా మూలుగుతూనే ఉంది. కొత్తది కొని గరాజ్‌లో పెట్టి, ఈ వీకెండ్ చేద్దాం, ఆ వీకెండ్ చేద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. నేను ఇంజినీరింగ్‌లో ఈఈఈ, అంటే కరెంటు చదువే, చదివాను. తర్వాత అందరిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడ్డాననుకోండి. అయినా ఇంట్లో ఫ్యానులూ స్విచ్చులూ నేనే బిగిస్తాను. ఆ పొగరు కాస్త ఉంది.

బాయిలర్ గది అంటే నిజానికి గది కాదు, మెట్ల కింద బీరువాలాంటి చోటు. లోపల మోకాళ్ల మీద కూర్చుంటే వీపు తలుపుకి తగులుతుంది. పిల్లలు లోపలికి పోకుండా మాకు ముందున్నవాళ్లు తలుపుకి బయటివైపు గడియ పెట్టించారు.

మెట్ల పైనున్న బాయిలర్ స్విచ్ ఆపాను. బాయిలర్ మీద లైట్లు ఆరిపోయాయి. ఇంకేం, కరెంటు లేదు కదా అని టెస్టర్ కూడా వెతకలేదు. నా ఫోన్లో జోకొట్టే చప్పుడు వస్తే గానీ పాప పడుకోదు. అందుకని ఫోన్ దాని పక్కనే పెట్టేశాను. టార్చి, రెంచి, కొత్త పంపు పట్టుకుని లోపలికి దూరాను.

పాత పంపు మూత విప్పుతుండగా వెనక తలుపు మూసుకుంది. చప్పుడు పైకి రాకుండా శ్రావణే మూసిందనుకున్నాను. కాసేపటికి మనసు ఆగక, పాపని ఒకసారి చూసొద్దామని తలుపు తోశాను. రాలేదు. భుజంతో గుద్దాను. అవతల గడియ పడి ఉంది.

గొంతు పోయేలా అరిచాను. ఎవరూ పలకలేదు. అప్పుడు రెంచితో పైపుని టక్ టక్ మని కొట్టాను. ఆ పైపు తిన్నగా పాప పడుకునే హాల్లోకే వెళ్తుంది. వినపడకపోవడమంటూ ఉండదు.

పైనుంచి టక్ టక్ మని జవాబొచ్చింది.

అమ్మయ్య అనుకున్నాను. కానీ ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాను, మళ్లీ జవాబు. నేను ఆపి ఆపి కొడితే ఆపి ఆపి వచ్చింది, గబగబా కొడితే గబగబా వచ్చింది. ఒళ్లు మండిపోయింది. "ఇదేం ఆటే తల్లీ, వచ్చి తలుపు తియ్యి!" అని అరిచాను.

అంతలో ఇంకో ఆలోచన వచ్చి కోపమంతా చచ్చిపోయింది. శ్రావణి కదల్లేని స్థితిలో ఉండి కొడుతోందేమో? పాపకేమైనా అయి నన్నే పిలుస్తోందేమో? పిచ్చివాడిలా తలుపుని తన్నాను. కాలు చాపే చోటు లేదు, దెబ్బ గట్టిగా పడదు. చెమటకి చొక్కా తడిసిపోయింది. పైన నా కూతురు చలికి వణుకుతుంటే కింద నాకు చెమటలు.

సరే, ఇక్కడినుంచి పాపకి నేను చెయ్యగలిగింది ఈ పంపు బిగించడమొకటే అనుకున్నాను. టార్చి పళ్ల మధ్య పెట్టుకున్నాను.

పంపులో నలుపు, తెలుపు, ఆకుపచ్చ తీగలున్నాయి. ఇండియాలో మేము నేర్చుకున్నది ఎరుపు ఫేజు, అంటే కరెంటు తెచ్చే తీగ; నలుపు న్యూట్రల్, అది మామూలుగా షాక్ కొట్టదు. ఇక్కడ నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ ఆ కంగారులో పాత అలవాటే పైకొచ్చింది. నల్లది కదా, ఇదేం చెయ్యదులే అనుకుని దాని చివరనున్న ప్లాస్టిక్ టోపీ తీసేశాను. ఎడం చేత్తో రాగి పైపు పట్టుకుని, కుడి చెయ్యి ఆ తీగ మీదికి చాపాను.

పైపు మోగింది. ఈసారి నేను కొట్టలేదు. టక్ టక్ మని కాదు, ఎవరో రెండు చేతులతో బాదుతున్నట్టు మోగింది. నా ఎడం అరచేయి అదిరిపోయింది. కుడి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆగిపోయింది. మళ్లీ చాపాను. మళ్లీ బాదుడు. తీశాను, ఆగింది.

ఆ తర్వాత చాపే ధైర్యం చెయ్యలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎంతసేపటికో గడియ తీసిన చప్పుడైంది. ఎదురుగా శ్రావణి, జాకెట్ మీద మంచు. వెనక పక్కింటి మూర్తి అంకుల్.

"పాపేది?" అన్నాను.

"ఆంటీ వాళ్లింట్లో, ఫైర్‌ప్లేస్ దగ్గర హాయిగా పడుకుంది. చెప్పే వెళ్లాను కదా! మెట్ల మీంచి పిలిస్తే ఊ అన్నావ్."

నేను ఊ అనలేదు. నన్నెవరూ పిలవలేదు.

"మరి గడియ ఎందుకేశావ్?"

"నేను కిందకే దిగలేదు. నువ్వేంటి ఇలా ఉన్నావ్?"

అంకుల్ తెచ్చిన టెస్టర్ పెన్ను నల్ల తీగ దగ్గర పెట్టగానే కీచుమని అరిచింది. ఆయన నన్ను పక్కకి లాగేశారు. తర్వాత విప్పి చూస్తే, పైనున్న స్విచ్‌ని ఎవరో తెల్ల తీగ మీద బిగించారు. ఆపితే లైట్లు ఆరతాయి, నల్ల తీగలో కరెంటు మాత్రం అలాగే ఉంటుంది.

"ఇది చేసినవాడూ మనవాడే అయ్యుంటాడు. మన ఊరనుకున్నారేంటయ్యా మీరంతా? ఒక చెయ్యి పైపు మీద, ఒక చెయ్యి దీని మీదా? బతికి బయటపడ్డావు పో!" అని, జరిగింది నేను చెప్పాక అంకుల్ తిట్టారు.

మెయిన్ బోర్డులో బ్రేకర్ ఆపి, ఇద్దరం కలిసి కొత్త పంపు బిగించి, స్విచ్ కూడా సరిచేశాం. చీకటి పడేలోగా ఇల్లు వెచ్చబడింది. పాపని తెచ్చుకున్నాం. దానికేమీ కాలేదు.

చల్లబడుతున్న రాగి పైపులు అలా కొట్టుకుంటాయని అంకుల్ అన్నారు. నిజమే, కొట్టుకుంటాయి. నేను చెయ్యి చాపినప్పుడే కొట్టుకోవడం ఏమిటో ఆయనా చెప్పలేకపోయారు. ఆ టైములో ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు.

ఇల్లు అమ్మేద్దామని నేనంటే శ్రావణి ససేమిరా ఒప్పుకోదు. నిన్ను కాపాడిన ఇంటిని వదులుకుంటామా అంటుంది. ఆ మెట్ల దగ్గర రోజూ దీపం పెడుతోంది.

నాకు నిద్ర పట్టనిది వేరే సంగతికి. పైపు కొట్టిందెవరైనా సరే, వాళ్లు నా మేలు కోరారు. మరి నా గొంతుతో ఊ అని శ్రావణిని పంపేసి, గడియ వేసి, ఆ తీగ ముందు నన్ను ఒంటరిగా వదిలిందెవరు? రెండూ ఒకరి పనేనా? ఏమో, ఎంత ఆలోచించినా తేలటం లేదు.

ఒకరి పని కాకపోతే మాత్రం ఆ రెండోవాళ్లు కూడా మాతోనే ఉంటున్నారు. పాప ఈమధ్యే పాకడం మొదలుపెట్టింది.