బాన్ అక్యూయ్‌లో సంధి, రోజ్ హిల్‌లో సంతకం

1913 జనవరిలో ఒక గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పిటాన్‌లోని మా ఇంటి నుంచి బయలుదేరాను. బాల్కన్ యుద్ధాన్ని ముగించడానికి అప్పుడు లండన్‌లో రాయబారులు చర్చలు జరుపుతున్నారు. అవి ఫలించాలని కోరుతూ మనవారు చెరకు కూలికి ఓడల్లో వచ్చి స్థిరపడిన ఈ ద్వీపం నుంచి విన్నపం పంపాలని రోజ్ హిల్ పెద్దలు కొందరు నిశ్చయించి, ఒక్కొక్క భాషవారికి ఒక్కొక్క కాగితం ఇచ్చారు. శుక్రవారం మూడు గంటలలోగా నలభై పేర్లకు తగ్గకుండా అది చేరకపోతే, ఆ విన్నపంలో తెలుగువారి ఊసే ఉండదు. పిల్లలకు తెలుగు చెప్పే పంతులును కనుక ఆ పని నాకు అప్పగించారు. పిటాన్‌లో పదకొండు సంతకాలు దొరికాయి.

ఏడు గంటల రైలెక్కి, తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు ఫ్లాక్‌లో దిగాను. అక్కడి నుంచి బాన్ అక్యూయ్‌కు ఎద్దుబండిలో గంటన్నర. దారి పొడవునా చెరకే తప్ప నీడ లేదు. వెళ్ళేవారు మంచినీళ్ళు వెంట ఉంచుకోవాలి. రెండు గంటలకు కూలీలు తోట నుంచి తిరిగివచ్చి భజన గుడిసెలో కూర్చున్నారు.

"సంధి కోసం వచ్చాను" అని మొదలుపెట్టాను.

"ఎవులికి బాబూ సంధి? జొరం ఎన్నాళ్ళయింది? శొంఠి పెట్టేరా?" అందరిలోకీ పెద్దది అప్పలమ్మ ఆత్రంగా అడిగింది. ఆమె ఎరిగిన సంధి, జ్వరం ముదిరితే వచ్చే పలవరింత. నేను అలవాటు చొప్పున పదానికి అర్థాలు వివరించబోయాను.

"పంతులికే కొట్టినట్టుంది సంధి!" అన్నారెవరో. గుడిసె అంతా నవ్వులు.

ఆమె మేనల్లుడు రాములు, శాంతిని లపే అని, యుద్ధాన్ని లగేర్ అని పిలిచే ఇక్కడి క్రియోల్ మాటతో తేల్చాడు: "లపే, అత్తా, లపే! లగేర్ మానీండని సెప్పడం."

నేను సిరా తీసేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"కాయితం మీద ఏలేస్తే అయిదేళ్ళ కూలి బాబూ. మా అయ్య ఓడెక్కే ముందు అలాగే ఏసేడు" అంది అప్పలమ్మ. "ఈ ఏలు ఎన్నేళ్ళకి?"

"ఏళ్ళు లేవమ్మా. ఇది దొర కాగితం కాదు, మన కాగితం."

రెండుసార్లు చదివించుకుని విన్నది.

"ఆళ్ళు మన మాట ఇంటారా?"

"వింటారో లేదో తెలియదు. చెప్పామని మాత్రం రాసి ఉంటుంది."

"అయితే మొదటేలు నాదే. జరగండ్రా!"

ఆమె వెనుక ముప్పై ఒక్కరు వేలిముద్రలు వేశారు.

ఆ రాత్రి రాములు ఇంట అన్నం, బ్రేద్ అనే ఆకుకూర. శుక్రవారం ఉదయం రైలెక్కి, పోర్ట్ లూయిస్‌లో బండి మారి, పదకొండు గంటల యాభై ఐదు నిమిషాలకు రోజ్ హిల్ చేరాను. విన్నపాలు తీసుకునే గుమాస్తా కాగితం చూసి పెదవి విరిచాడు.

"పా బోన్, మిస్యే! ఇది పనికిరాదు. సంతకాలు పదకొండే. తక్కినవి సిరా మరకలు."

"కూలి ఒప్పందాల మీద ఈ మరకలే అయిదేళ్ళ పాటు చెల్లాయి. అక్కడ చెల్లినవి ఇక్కడ ఎందుకు చెల్లవు?" అని అడిగాను.

అతడు కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాడు. విన్నపం తలపెట్టిన పెద్దలలో ఒకడు బయటకు వచ్చి, ముద్రలన్నీ వేలు పెట్టి లెక్కించి, కాగితం అడుగున స్వయంగా రాశాడు: తెలుగువారు, నలభై ముగ్గురు.

తిరుగు రైలులో ఈ వివరాలన్నీ పుస్తకంలో ఎక్కించాను. లండన్‌లో ఏమి తేలుతుందో నాకు తెలియదు, తెలియనిది రాయను. తెలిసినది ఇది: మనవారు ఓడ దిగిన నాటి నుంచి మన బొటనవేలు ఇతరులు రాసుకున్న మాటకే పడుతూ వచ్చింది. అది మన మాటకు పడి చెల్లినది ఈ శుక్రవారం, పగలు పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు.